ఇరవై ఏళ్లుగా ట్రెబుల్ క్లెఫ్‌లో యుఫోనియం వాయించాను, ఇప్పుడు బేస్ క్లెఫ్ చదవాలి. సాయం చేయండి

తెనాలి_బాకా (ప్లేనో, టెక్సస్) | ఫిబ్రవరి 3, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మా నాన్నగారికి బ్యాండు సెట్టు ఉండేది. పెళ్లిళ్ల సీజన్లో ఒక మనిషి తక్కువైతే నన్ను తీసుకెళ్లేవారు. అలా పన్నెండో ఏట యుఫోనియం (వాల్వులు నొక్కుతూ ఊదే పెద్ద ఇత్తడి బాకా) చేతికొచ్చింది. అప్పట్లో పాటలన్నీ విని పట్టుకోవడమే, కాగితం అన్న మాటే లేదు. ఇంటర్ చదివేటప్పుడు గుంటూరులో ఒక మాస్టారి దగ్గర స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) నేర్చుకున్నాను, అది ట్రెబుల్ క్లెఫ్‌లో. క్లెఫ్ అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు; ట్రెబుల్ పై స్వరాలకి, బేస్ కింది స్వరాలకి. అప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా అదే చదువుతున్నాను.

జనవరిలో ఇక్కడి కమ్యూనిటీ బ్యాండులో చేరాను. చాలా పాటలకి ట్రెబుల్ పార్టు కూడా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదన్నారు. కానీ వసంతకాలం కచేరీకి పెట్టిన వాటిలో రెండింటికి బేస్ క్లెఫ్ పార్టు ఒక్కటే ఉంది. నిన్న రిహార్సల్లో మొదటి లైను కూడా దాటలేకపోయాను.

అసలు ఏం జరిగిందో చెబుతాను. కింది నుంచి రెండో గీత మీద స్వరం ఉంది. నా కంటికి అది జి. జి అంటే ఏ వాల్వూ నొక్కక్కర్లేదు, ఊదాను. తీరా చూస్తే అక్కడ మోగాల్సింది బి ఫ్లాట్. దానికీ వాల్వు నొక్కక్కర్లేదు! వాల్వులు ఒకటే అయినా పెదవి బిగింపుని బట్టి స్వరం మారుతుంది కదా. అంటే వేళ్లు సరిగ్గానే ఉన్నాయి, పెదవి మాత్రం ఐదో మెట్టు పైన పట్టుకుంది. పక్కాయన నా వేళ్లు చూసి కరెక్టే అంటున్నాడు, చెవికేమో తప్పు. ఆ క్షణంలో వచ్చిన టెన్షన్‌కి తర్వాత వచ్చిన తేలిక స్వరాలు కూడా పోయాయి.

కచేరీకి ఎనిమిది వారాలు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

చర్చిబేస్ (బాపట్ల) | ఫిబ్రవరి 4, ఉదయం 7:40

అన్నా, చాలా తేలిక. క్లెఫ్ గుర్తు మీద వేలు పెట్టి మూసేయండి. ట్రెబుల్ అనుకునే చదవండి. కీ సిగ్నేచర్లో (లైను మొదట్లో ఉండే గుర్తులు; షార్ప్ అంటే అరమెట్టు పైకి, ఫ్లాట్ అంటే అరమెట్టు కిందికి) మూడు షార్పులు కలపండి, అంటే మూడు ఫ్లాట్లు ఉంటే తీసేయండి, రెండే ఉంటే ఒక షార్ప్ అవుతుంది. అంతే. నేను చర్చిలో పదేళ్లుగా బేస్ ఇలాగే వాయిస్తున్నాను. కొత్త క్లెఫ్ నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

---

తెనాలి_బాకా | ఫిబ్రవరి 4, రాత్రి 9:05

థాంక్స్ తమ్ముడూ. ఇవాళ గంటసేపు అలాగే ప్రయత్నించాను. స్కేలు శుభ్రంగా వస్తోంది, ఎక్కడా తడబాటు లేదు. ఆ ధైర్యంతో ఫోన్లో రికార్డింగ్ పెట్టి దాంతో కలిపి వాయించాను. మొత్తం పాట మొదటి నుంచి చివరిదాకా ఐదో మెట్టు పైన నడుస్తోంది. రిహార్సల్లో ఒక్క స్వరానికి జరిగిందే ఇప్పుడు అన్నిటికీ జరుగుతోంది. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పగలరా?

---

మూడోపొజిషన్ (లీడ్స్) | ఫిబ్రవరి 5, ఉదయం 6:50

మీ తప్పు లేదు. తమ్ముడు చెప్పిన కిటుకు నిజమే, కానీ అది ఇ ఫ్లాట్ బేస్‌కి, అంటే ఇ ఫ్లాట్ ట్యూబాకి. మీది బి ఫ్లాట్ యుఫోనియం.

ఇ ఫ్లాట్ ట్యూబా వాళ్లకి ట్రెబుల్‌లో గీతల కింద ఒక చిన్న అదనపు గీత మీద రాసిన సి, నిజంగా ఇ ఫ్లాట్‌గా మోగుతుంది. బేస్ క్లెఫ్‌లో సరిగ్గా ఆ చోటే ఇ. చోటు మారలేదు, షార్పులు ఫ్లాట్లు సర్దుకుంటే చాలు. మీ యుఫోనియంలో అదే సి రాస్తే బి ఫ్లాట్ మోగుతుంది. బేస్ క్లెఫ్‌లో ఆ బి ఫ్లాట్ రెండో గీత మీద ఉంటుంది, అంటే నాలుగు చోట్లు పైన. మీరు విన్న ఐదో మెట్టు తేడా ఇదే.

మీకూ ఇలాంటి కిటుకు ఒకటి ఉంది, కానీ అది బేస్‌కి కాదు, టెనార్ క్లెఫ్‌కి. టెనార్‌లో నాలుగో గీత మీద మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి). అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ రండి: ఎ, ఎఫ్, డి గీతలు దాటితే, కింద అదనపు గీత మీద బి. మీ ట్రెబుల్ సి ఉండే చోటే అది. టెనార్ పార్టుని ట్రెబుల్‌లా చూసి రెండు షార్పులు కలిపితే యుఫోనియం మీద సరిగ్గా పలుకుతుంది. ఇక్కడ యార్క్‌షైర్ బ్రాస్ బ్యాండుల్లో ట్రెబుల్‌తో పెరిగి ఆర్కెస్ట్రాకి వెళ్లిన ట్రాంబోన్ వాళ్లు చాలామంది టెనార్‌లోకి ఈ దారినే వెళ్తారు. రవేల్ రాసిన బొలేరో అనే ఆర్కెస్ట్రా కృతిలో ట్రాంబోన్ సోలో టెనార్ క్లెఫ్‌లోనే ఉంటుంది మరి.

బేస్‌కి మాత్రం మీకు అడ్డదారి లేదు. నేర్చుకోవాల్సిందే.

---

చర్చిబేస్ | ఫిబ్రవరి 5, ఉదయం 8:20

అన్నా, క్షమించండి. వాద్యం ఏ శ్రుతిదో అడగకుండా చెప్పేశాను. మీ గంట వృథా చేశాను. ఇన్నాళ్లూ ఆ కిటుకు అందరికీ పనిచేస్తుందనే అనుకుంటున్నాను. మా బ్యాండులో కొత్తగా యుఫోనియం పట్టిన అబ్బాయికి కూడా ఇదే చెప్పాను, ఈ ఆదివారం వాడికి సరిచేసి చెప్పాలి.

---

పిస్టన్_పంతులు (విశాఖపట్నం) | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 2:30

నేను సైన్యం బ్యాండులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. పచ్‌మఢీలో మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో శిక్షణ తీసుకున్నాను. మాకు యుఫోనియం పార్టు బేస్ క్లెఫ్‌లోనే ఇచ్చేవారు. కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) నుంచి యుఫోనియంకి మారిన కుర్రాళ్లందరికీ బాబు పడిన ఇబ్బందే. వాళ్లకి నేను చేయించినది చెబుతాను.

మొదటి వారం మూడే మూడు స్వరాలు. బేస్ క్లెఫ్ గుర్తుకి రెండు చుక్కలు ఉంటాయి, ఆ చుక్కల మధ్య నుంచి వెళ్లే నాలుగో గీత ఎఫ్. ఆ గుర్తు పుట్టిందే ఎఫ్ అక్షరం నుంచి. అది ఒకటి. రెండో గీత మీద బి ఫ్లాట్, అది రెండు. పై గీత మీద ఆనుకుని కూర్చునేది పై బి ఫ్లాట్, అది మూడు. ఈ మూడింటికీ వాల్వులు నొక్కే పని లేదు. వేళ్లు ఊరికే ఉంటాయి. కంటికీ పెదవికీ మధ్య కొత్త దారి పడాలి, వారమంతా అదొక్కటే పని. మీరు రిహార్సల్లో జారింది సరిగ్గా అక్కడే కదా.

ప్రతి స్వరం ఊదే ముందు పాడండి. పాడలేకపోతే ఊదకండి. ఇందులో బేరం లేదు. వేళ్లు ఒకటే ఉండి స్వరాలు వేరైనప్పుడు మిమ్మల్ని కాపాడేది చెవి ఒక్కటే.

రెండో వారం ఆ మూడింటి పొరుగువాళ్లు. పై గీత ఎ, రెండో వాల్వు. దాని కింద ఖాళీలో జి, ఒకటి రెండు. మూడో ఖాళీలో ఇ ఫ్లాట్, మొదటిది. మధ్య గీత డి, ఒకటి రెండు. రెండో ఖాళీ సి, ఒకటి మూడు. నాలుగో వాల్వు ఉంటే సి కి అదే వాడండి, ఒకటి మూడు కలిపితే కాస్త షార్ప్‌గా పోతుంది.

గీతల పేర్లు పద్యంలా బట్టీ పట్టకండి. బట్టీ పట్టినవాళ్లు ప్రతిసారీ కింది గీత నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఈలోపు బ్యాండు ముందుకెళ్లిపోతుంది.

---

వీణాపాణి_తల్లి (ఎడిసన్, న్యూజెర్సీ) | ఫిబ్రవరి 6, ఉదయం 5:55

మా అబ్బాయి ఆరో తరగతిలో ట్రంపెట్ పట్టుకున్నాడు, ఏడులో బ్యాండ్ టీచర్ యుఫోనియంకి మార్చారు. ఇక్కడ స్కూళ్లలో యుఫోనియంకి టి.సి. (ట్రెబుల్ క్లెఫ్) అనీ బి.సి. (బేస్ క్లెఫ్) అనీ రెండు పుస్తకాలు ఉంటాయి. ఏడాదిపాటు టి.సి.తో వాయించి ఈ సెప్టెంబరు నుంచి బి.సి.కి వచ్చాడు. నాకు ఇత్తడి వాద్యాలు తెలియవు, నేను నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి నేను వెతుక్కున్న దారి ఇది, పెద్దలు తప్పుంటే దిద్దండి.

మనం పాడేటప్పుడు హార్మోనియం మెట్ల లెక్కన శ్రుతి ఒకటికి పెట్టినా ఐదుకి పెట్టినా స అంటే స నే. రాసుకున్న స్వరం మారదు. ట్రెబుల్ క్లెఫ్ యుఫోనియం పార్టు మన సరిగమల లాంటిది. అందులో సి అంటే నిజానికి స. యుఫోనియం శ్రుతి బి ఫ్లాట్, అంటే మన ఆరున్నర, కాబట్టి ఆ స ఆరున్నరలో పలుకుతుంది. బేస్ క్లెఫ్ అలా కాదు. హార్మోనియం మెట్టు పేరే నేరుగా రాసేస్తుంది. ఆరున్నర మెట్టు మోగాలంటే బి ఫ్లాట్ అనే ఉంటుంది.

ఇలా చెప్పాక వాడు "అయితే ఇన్నాళ్లూ నేను సరిగమలు చదివాను, ఇప్పుడు మెట్లు చదవాలి, అంతేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి కంగారు తగ్గింది.

---

పిస్టన్_పంతులు | ఫిబ్రవరి 6, సాయంత్రం 4:10

అమ్మా, దిద్దాల్సింది ఏమీ లేదు. చాలా చక్కగా చెప్పారు. ఆ పద్ధతి వచ్చిన కారణం కూడా మీ మాటల్లోనే ఉంది. 1840లలో అడాల్ఫ్ సాక్స్ అనే ఆయన సాక్స్‌హార్న్‌లనే వాల్వు బాకాల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే కుటుంబంగా తయారుచేశాడు. అవి బ్రిటన్ బ్యాండుల్లోకి వెళ్లాయి. అక్కడ గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు సాయంత్రాలు వాయించేవారు. అన్నిటికీ ఒకే ట్రెబుల్ రాత, ఒకే వేళ్లు పెడితే, కార్నెట్ మనిషిని ఇవాళ బేస్‌లో కూర్చోబెట్టినా వాయించగలడు. శ్రుతి మారినా స మారనట్టు.

---

మూడోపొజిషన్ | ఫిబ్రవరి 6, రాత్రి 11:20

నిజం. ఇక్కడి బ్రాస్ బ్యాండులో ఊదే వాద్యాల్లో ఇప్పటికీ బేస్ ట్రాంబోన్ ఒక్కటే బేస్ క్లెఫ్ చదువుతుంది. పక్కనే కూర్చున్న ట్యూబాలు ఇంకా కిందికి వెళ్తూ ట్రెబుల్ చదువుతుంటాయి. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

కానీ గురువుగారూ, కిటుకుల మీద మీరు మరీ కఠినంగా ఉన్నారేమో. టెనార్‌లో నేను మూడేళ్లు కిటుకుతోనే నెట్టుకొచ్చాను. కచేరీలు ఆగలేదు.

---

పిస్టన్_పంతులు | ఫిబ్రవరి 7, ఉదయం 9:00

ఆగవు. మధ్యలో నాచురల్ గుర్తు (కీలోని షార్ప్‌నో ఫ్లాట్‌నో రద్దు చేసేది) వచ్చేదాకా బండి నడుస్తుంది. మీ టెనార్ కిటుకునే తీసుకోండి. కీలో రెండు ఫ్లాట్లు ఉన్నాయి, మీరు సి స్కేలు అనుకుని హాయిగా వెళ్తున్నారు. ఇ కి నాచురల్ వచ్చింది. కాగితం మీద నాచురల్ అని ఉంది, మీరు దాన్ని ఎఫ్ షార్ప్ అనుకోవాలి. బి కి వస్తే సి షార్ప్. అదే ఎ కి ఫ్లాట్ వస్తే బి ఫ్లాట్, అక్కడ మాత్రం గుర్తు ఉన్నది ఉన్నట్టే. ఏ స్వరాలకి గుర్తు మార్చాలి, వేటికి అక్కర్లేదు అని వేగంగా పోతున్నప్పుడు ఎవరు ఆలోచిస్తారు? మూడేళ్ల తర్వాత మీరెందుకు మానేశారో చెప్పండి.

---

మూడోపొజిషన్ | ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 1:45

దొరికిపోయాను గురువుగారూ, సరిగ్గా అందుకే మానేశాను. షూమన్ మూడో సింఫనీ నాలుగో భాగంలో మొదటి ట్రాంబోన్ ఆల్టో అనే ఇంకో క్లెఫ్‌లో ఉంటుంది, అందులో అడుగడుగునా ఇలాంటి గుర్తులు. అప్పటికి నా బుర్రలో ఒక క్లెఫ్ మీద ఇంకొకటి పేర్చి ఉంది, ఏది అసలో ఏది మారువేషమో తెలియలేదు. రెండు నెలలు మొదటి నుంచి నేర్చుకున్నాను.

ఒక్క మాట మాత్రం నిలబెట్టుకుంటాను. వచ్చే వారమే కచేరీ ఉంటే కిటుకు వాడండి. ఎనిమిది వారాలు ఉంటే వద్దు.

---

హార్న్_అమ్మాయి (చెన్నై) | ఫిబ్రవరి 9, రాత్రి 8:30

నేను ఫ్రెంచ్ హార్న్ నేర్చుకుంటున్నాను. మాకు ఇంకో చిక్కు. ఎఫ్ హార్న్‌కి ట్రెబుల్‌లో రాసినది ఐదో మెట్టు కింద మోగుతుంది. కిందికి వెళ్తే బేస్ క్లెఫ్ వస్తుంది. ఇప్పటి పద్ధతిలో అదీ ఐదో మెట్టు కిందే. పాత సంగీతంలో మాత్రం బేస్ క్లెఫ్ వచ్చినప్పుడు ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి రాసేవారు, కాబట్టి రాసినదానికంటే నాలుగో మెట్టు పైన మోగుతుంది. ఏ పద్ధతో కాగితం మీద చెప్పదు. చుట్టుపక్కల స్వరాలు చూసి, పలికే కింది స్వరం మన వాద్యంలో ఉందో లేదో చూసి ఊహించాలి.

గురువుగారు చెప్పిన "ముందు పాడండి" నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. పాడితే ఆక్టేవ్ తేడా వెంటనే తెలుస్తుంది.

---

తెనాలి_బాకా | ఫిబ్రవరి 24, రాత్రి 10:40

మూడు వారాలైంది, వివరంగా చెబుతాను.

మొదటి వారం మూడు స్వరాలే వాయించాను. ఇంట్లోవాళ్లకి విసుగొచ్చినా ఓర్చుకున్నారు. నాలుగో రోజు ఒక విషయం గమనించాను. రెండో గీత కనబడగానే పెదవి దానంతటదే వదులవుతోంది, జి అన్న మాట మనసులోకి రావట్లేదు. అంతకుముందు జి అనుకుని, కాదని, బి ఫ్లాట్ అనుకుని, అప్పుడు ఊదేవాణ్ని.

రెండో వారం పొరుగు స్వరాలు. చర్చి హిమ్ పుస్తకం కింది స్టాఫ్ వాయిస్తున్నాను. అందులో మగవాళ్ల స్వరాలు రెండూ బేస్ క్లెఫ్‌లో ఉంటాయి, నెమ్మదిగా కదులుతాయి. ముందు టెనార్ వరస, తర్వాత బేస్ వరస.

ఇప్పుడు ఇబ్బంది ఎక్కడంటే, బ్యాండు పార్టులో ఒక పేజీ మొత్తానికి పెన్సిల్‌తో ప్రతి స్వరం కింద వాల్వు నంబర్లు రాసుకున్నాను. అది చూసి వాయిస్తే బాగానే వస్తోంది. తుడిచేస్తే రావట్లేదు. ఉంచనా, తుడవనా?

---

వీణాపాణి_తల్లి | ఫిబ్రవరి 25, ఉదయం 6:10

తుడిచేయండి. మా వాడు అదే చేశాడు. వాడి కళ్లు స్వరాల మీద లేవు, కింద అంకెల మీదే ఉన్నాయి. నేను పక్కన కూర్చుని చూస్తుంటే చూపు ఎక్కడుందో తెలిసిపోయింది. పైగా మీరే చెప్పారు కదా, ఒకే నంబరుకి రెండు మూడు స్వరాలు. సున్నా అని రాసుకుంటే అది ఏ బి ఫ్లాటో ఎలా తెలుస్తుంది?

---

పిస్టన్_పంతులు | ఫిబ్రవరి 25, ఉదయం 10:30

అమ్మ చెప్పిందే. ఒక లైనులో ఒక్క గుర్తుకి మించి వద్దు, అదీ రెండుసార్లు తప్పిన చోట మాత్రమే.

బాబూ, మీకు ఇంకో పని చెబుతాను. మీరు చెవితో పెరిగినవారు. అది మీకున్న పెద్ద ఆస్తి, దాన్ని ఇప్పుడు వాడుకోండి. రోజుకొక పాట, చిన్నప్పుడు బ్యాండు సెట్టులో వాయించినదే, మీ చేత్తో బేస్ క్లెఫ్‌లో రాయండి. నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య గడులు) చాలు. చదవడంలో కాగితం నుంచి చెవికి వస్తాం. రాయడంలో చెవి నుంచి కాగితానికి వెళ్తాం. ఈ రెండో దారి మీకు ముందే సగం వేసి ఉంది. పాత పాటలకి స్వరం ఎక్కడుందని మీ వేళ్లని అడగక్కర్లేదు.

---

తెనాలి_బాకా | మార్చి 16, రాత్రి 9:20

గురువుగారూ, పద్దెనిమిది పాటలు రాశాను. ఊరేగింపులో వాయించేవి, తలంబ్రాలప్పుడు వాయించేవి, అప్పగింతలప్పుడు నాన్న ఒక్కరే వాయించేవి. అప్పగింతల పాట రాస్తున్నప్పుడు తెలిసింది, నాన్న పై ఎఫ్ దాకా వెళ్లేవారని. గీతలన్నీ దాటి, మిడిల్ సి దాటి, ఇంకా పైన రెండు అదనపు గీతల మీద ఆనుకుని ఉంది. ఆ స్వరం ఎంత ఎత్తో చిన్నప్పుడు నాకు తెలియదు, ఆయన ముఖం ఎర్రబడటం మాత్రం గుర్తుంది. ఫోన్ చేసి చెబితే, "దానికి కాగితం మీద ఒక చోటు ఉందా?" అని అడిగారు. ఫోటో తీసి పంపాను.

నిన్న రిహార్సల్లో రెండు పాటలూ ఆగకుండా వాయించాను. రెండోదాంట్లో ఒకచోట బి నాచురల్ తప్పింది. మిగతాదంతా పట్టుకున్నాను.

చివరగా రాసిన పాట ఒకటి చూస్తారా? కల్యాణి రాగంలో ఉంది, బి ఫ్లాట్‌ని స పెట్టుకున్నాను. కీ సిగ్నేచర్ రెండు ఫ్లాట్లు. మొదటి బారు: బి ఫ్లాట్, సి, డి, ఎఫ్. రెండో బారు: జి, ఎఫ్, ఇ, డి. మూడో బారు: ఇ, ఎఫ్, ఎ, పై బి ఫ్లాట్. అన్నీ క్వార్టర్ నోట్లు. రాసినదాన్ని చూసి వాయిస్తే ఎందుకో శంకరాభరణంలా వినిపిస్తోంది.

---

పిస్టన్_పంతులు | మార్చి 17, ఉదయం 7:15

చోట్లన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతోషం. కల్యాణిలో మధ్యమం ప్రతి మధ్యమం కదా, అంటే శుద్ధ మధ్యమం కంటే అరమెట్టు పైన. మీ కీ సిగ్నేచర్‌లో ఇ కి ఫ్లాట్ ఉంది, అందుకే శుద్ధ మధ్యమం పలికి శంకరాభరణం అయిపోయింది. రెండో బారులోనూ మూడో బారులోనూ, మూడో ఖాళీలో ఉన్న ఇ ముందు నాచురల్ పెట్టండి. మొదటి వాల్వు బదులు రెండోది నొక్కాలి. పెట్టాక ముందు ఒకసారి పాడి, అప్పుడు వాయించండి.

నాన్నగారి పై ఎఫ్ ఫోటో ఇక్కడ కూడా పెట్టండి.